గిజిగాడు అల్లని గుమ్మం

ఒకప్పుడు పదమూడేళ్ల పిల్లలు డెబ్బై ఏళ్ల ముసలాళ్లలా ఉండేవారు. నవ్వకండి, నిజమే! చెట్టెక్కే ముందు కొమ్మను పదిసార్లు ఊపి చూసేవారు. నీళ్లలో దిగే ముందు లోతు ఎంతుందో కర్రతో కొలిచేవారు. ఒక్కరి మోకాలికైనా దెబ్బ తగిలేది కాదు.

ఆ రోజుల్లో పిల్లల తలల లోపలి పనంతా గిజిగాడిది. గూడు అల్లడంలో అతన్ని మించిన పిట్ట లేదు కదా! తాటాకు చీలికలు తెచ్చి, వెనక నుంచి ముందుకు అల్లుకుంటూ వచ్చేవాడు. సగం అయ్యాక పెళ్లాన్ని పిలిచేవాడు. ఆవిడ లోపలికి దూరి, ముక్కుతో లాగి చూసి, "బాగుంది" అంటేనే నుదుటి వెనక గుమ్మం అల్లేవాడు. ఏ కోరిక బయటికి పోవచ్చో, ఏది ఆగాలో చూసేది ఆ గుమ్మమే. అన్నిటికన్నా ఆఖర్న, పదమూడో ఏట, లోపల తడిమట్టి అద్ది మిణుగురులను అంటించేవాడు. ఆ వెలుగే పిల్లల హుషారు.

గోదారి ఒడ్డున పడవ నడిపే సత్తెమ్మకు ఒక్కతే కూతురు, పదమూడో ఏట పడిన పైడి. ఒకరోజు సత్తెమ్మ పరుగున వచ్చి తాటిచెట్టు కింద నిలబడింది.

"గిజిగా! రేపు పొద్దున్నే మా పైడికి తెడ్డు అప్పజెప్తున్నాను. పిల్లకు హుషారే లేదు. ఊరంతా చూసి నవ్వరూ? తొందరగా కానియ్యి నాయనా!"

"సగమే అయిందమ్మా. మా ఆవిడ అవతలి ఒడ్డున గుడ్లు పొదుగుతోంది. రేపు సాయంత్రం వస్తుంది. ఆవిడ చూడకుండా నేను గుమ్మం ముట్టను. మా పద్ధతి అది."

"గుమ్మం తర్వాత అల్లుకో. ముందు ఆ మిణుగురులు పెట్టు. ఒక్కరోజేగా!"

ఒక్కరోజే కదా అని గిజిగాడూ అనుకుని, పైడి తలలో మిణుగురులను అంటించేశాడు. పద్ధతి తప్పానని అతనికి తోచనే లేదు. పెళ్లాం చూడకుండా గుమ్మం అల్లకపోవడమే పద్ధతి అనుకున్నాడు పాపం!

మర్నాడు పైడి పడవెక్కింది. ఎండలో గోదారి మెరుస్తుంటే పిల్లకు ఒళ్లంతా సంబరం. తల్లి ఒడ్డు మీద నిలబడి మురిసిపోయింది. పక్కనే పైడి స్నేహితులు చప్పట్లు కొట్టారు.

"పైడీ! ఆ సుడి దాకా పోయి రాగలవా?"

చప్పట్లు వినగానే తలలో మిణుగురులు భగ్గుమన్నాయి.

"వద్దే తల్లీ," అంది గోదారి. "పైన వానలు పడ్డాయి. ఇవాళ నా ఒళ్లు నా స్వాధీనంలో లేదు."

పైడి ఆ మాట వింది. అర్థమైంది కూడా. కానీ ఆ మాటను పట్టి నిలపడానికి గుమ్మం ఏది? "ఇదిగో, ఇలా పోయి అలా వచ్చేస్తా!" అంటూ తెడ్డు వేసింది.

"ఆగవే పైడీ! ఆగు!" అని సత్తెమ్మ గొంతు చించుకుని అరిచింది.

మధ్యాహ్నానికి గోదారి పడవను ఒడ్డుకు తెచ్చి పెట్టింది. పైడిని తేలేకపోయింది. ఎన్నో రోజులు ఎర్రగా, ఎవరితోనూ మాట్లాడకుండా పారింది.

సాయంత్రం గిజిగాడి పెళ్లాం వచ్చింది. ఇంకా సంగతి తెలియదు ఆవిడకు.

"ఏదీ, ఆ పైడి తల చూపించు. గుమ్మం మొదలుపెడుదువుగాని."

గిజిగాడి ముక్కులోని తాటాకు చీలిక జారి కింద పడింది.

ఆ తర్వాత అతనికి చేతిపని మీద నమ్మకం పోయింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒక పోచ అల్లుతాడు, సరిగ్గా పడలేదేమోనని రెండు విప్పుతాడు. మిణుగురులు మాత్రం దారి మరిగాయి. పిలవకుండానే పదమూడో ఏట వచ్చేస్తాయి. వాటిని తోలడానికి అతను ఎంత రెక్కలు కొట్టుకున్నా లాభం లేకపోయింది.

అప్పటినుంచే పిల్లల తలల్లో వెలుగు ముందొస్తుంది, గుమ్మం పాతికేళ్లు నిండితేగాని పూర్తికాదు. అప్పటినుంచే స్నేహితులు చప్పట్లు కొడితే చాలు, తెలిసి తెలిసి సుడి దాకా పోతారు. ఈలోగా ఆ గుమ్మం ఉండాల్సిన చోట ఏ అమ్మో నిలబడి, విన్నా వినకపోయినా, "ఆగు! ఆగు!" అని అరుస్తూనే ఉంటుంది.