అవతలి ఒడ్డు ఓట్లు

ఏ ప్రశ్నకైనా గవరయ్య గురువుగారు కూర్చున్నచోట జవాబు చెప్పరు. చేతికర్ర తీసుకుని నడక మొదలుపెడతారు. అడిగినవాడు వెంట వెళ్ళాల్సిందే.

ఆ ఏడు కాలువ సంఘం అధ్యక్షుడి ఎన్నిక ఆయన ఆశ్రమంలో పెట్టారు. ఏ చేనుకు ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆ అధ్యక్షుడే తేల్చాలి. నిర్వహణ శిష్యుడు వైకుంఠానిది. గడువు సాయంత్రం అయిదింటిదాకా ఉన్నా, వరసలో ఎవరూ మిగల్లేదని అతను మధ్యాహ్నానికే పెట్టెకు లక్కసీలు వేసేశాడు. ఓటర్ల జాబితా చంకలో పెట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు.

"ఒక్క తగువు లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఎన్నిక సక్రమంగా జరిగిందనడానికి ఇంకేం కావాలి గురువుగారూ?"

"ఓటు వెయ్యనివాళ్ళు ఎందరు?"

"ముప్పయ్యారుగురు. అందరూ ఏటి అవతలి పేటవాళ్ళే. ఆసక్తి లేదేమో."

గురువుగారు కర్ర అందుకున్నారు.

రేవులో పడవ కట్టేసి ఉంది. ఎవరు కట్టించారని అడిగారు. "నేనే. జనమంతా ఒక్కసారి వస్తే తొక్కిసలాట అవుతుందని..." అన్నాడు వైకుంఠం. ఆయన పడవెక్కి కూర్చున్నారు.

అవతలి ఒడ్డున జనం ఎండలోనే ఉన్నారు. పైడితల్లి అనే ముసలావిడ లేచి ముందుకొచ్చింది. ఆమె గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"పొద్దున్నించీ కేకలేస్తన్నాం బాబూ. ఈ ఏటి హోరులో మీకెక్కడ వినపడద్ది? కాలువ నీళ్ళు మా చేలకి ఆఖర్న వస్తాయి. ఓటు కూడా ఆఖర్నే కాబోలనుకుని కూకున్నాం."

వైకుంఠం పడవవాడి చేతిలోని గెడ తానే తీసుకుని, మూడు విడతలుగా అందరినీ దాటించాడు. పోటీదారులిద్దరినీ పిలిపించి, వాళ్ళ ఎదుటే సీలు తీశాడు. వారిలో ఒకడైన కృష్ణమనాయుడు మండిపడ్డాడు.

"మూసిన పెట్టె మళ్ళీ తెరుస్తావా?"

"ముందే మూయడం నా తప్పు. గడువింకా ఉంది, జాబితాలో వీళ్ళ పేర్లూ ఉన్నాయి," అన్నాడు వైకుంఠం. పెట్టె పక్కనుంచి కదల్లేదు.

పేటవాళ్ళు వరస కట్టారు. నాయుడి మనుషులు అడ్డుపడ్డారు. పైడితల్లి వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి చీటీ అందుకుంది. ఆశ్రమమంతా కేకలతో నిండిపోయింది. నాయుడు విసవిసా గురువుగారి దగ్గరికొచ్చాడు.

"పొద్దున ఎంత ప్రశాంతంగా జరిగింది స్వామీ! ఇప్పుడీ గోల చూడండి."

గురువుగారు పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చారు.

"కూర్చో నాయుడూ. ఎన్నిక ఇప్పుడు జరుగుతోంది."