బొమ్మప్ప సంతకం

కూతురికి ఊపిరి మిషను పెట్టించాలా, ఇంటికి తెచ్చుకోవాలా అన్నది బొమ్మప్పకు అసలు సందేహమే కాదు. పెట్టించాలి. సందేహమల్లా పెళ్లాం నోరు ఎట్లా మూయించాలన్నదే. దానికోసమే తెల్లారి మొదటి బస్సుకు ఆసుపత్రి నుంచి బయల్దేరి, మొహమైనా కడుక్కోకుండా మరుళయ్య స్వామి మఠం మెట్లెక్కాడు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. సాయంత్రంలోగా దాని మీద సంతకం పడాలి.

పిల్లకు ఎనిమిదేళ్లు. పెళ్లయిన పన్నెండేళ్లకు పుట్టింది. రక్తంలో జబ్బు. ఏడాదిన్నరగా కాపురం సగం పట్నం ఆసుపత్రిలోనే. ఇంక మందులు పనిచేయవని డాక్టరమ్మ మొన్న చెప్పేసింది. గొంతులో గొట్టం వేసి మిషను పెడితే నాలుగు రోజులో వారమో ఊపిరి ఆడుతుంది, జబ్బు మాత్రం పోదు. ఇంటికి తీసుకుపోతామంటే నొప్పి తెలియకుండా మందిచ్చి పంపుతారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక్క మాట మీదికి రమ్మంది.

పెళ్లాం రుద్రమ్మ ఇంటికే అంది. ఆమె అన్న శేఖరప్ప అప్పటికే తన టెంపో తెచ్చి ఆసుపత్రి గేటు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బిడ్డను ఇంక సూదులతో పొడిపించొద్దు బావా అన్న మాట మొదట వచ్చింది అతని నోట్లో నుంచే. అక్కడే చెడింది. ఆరేళ్ల కిందట శేఖరప్ప తన కొడుకు పెళ్లిలో బొమ్మప్పను మొదటి బంతికి పిలవడం మరిచిపోయాడు. ఇంటి అల్లుడు మూడో బంతిలో కూర్చుని చల్లారిన అన్నం తిన్నాడు. ఆ పూట నుంచి బొమ్మప్ప ఆ ఇంట్లో నీళ్లు కూడా ముట్టలేదు. అటువంటి మనిషి ఇంటికి పోదామన్నాక బొమ్మప్ప ఇంటికి ఎట్లా పోతాడు?

మఠం వెనక వరండాలో స్వామి విభూతి పడుతున్నాడు. పిడకలు కాల్చిన బూడిదను పాత పంచె గుడ్డలో పోసి చెక్క పీట మీదికి జల్లిస్తున్నాడు. తలెత్తలేదు. బొమ్మప్ప సాష్టాంగపడి లేచి, జరిగినదంతా ఒక్క గుక్కలో చెప్పాడు. ఆ చెప్పిన దాంట్లో బిడ్డ కన్నా బామ్మర్దే ఎక్కువసార్లు వచ్చాడు.

పాప ఏమంటాందని అడిగాడు స్వామి.

"దానికేం తెలుసు స్వామీ, చిన్నపిల్ల. ఇంటికి పోదామంటాది. బడికి పోనని గూడా అనేది."

"సూది వేసేటప్పుడు పట్టుకునేది ఎవరు?"

"వాళ్లమ్మ. నేను చూడలేను. బయటికొస్తా."

స్వామి గుడ్డ దులిపి మళ్లీ పట్టుకున్నాడు. బొమ్మప్పకు విసుగొచ్చింది. తను కన్నతండ్రినని, హక్కు తనదని, రుద్రమ్మ స్వామి మాట జవదాటదని, కాబట్టి ఒక్క మాట చెప్పి పంపితే చాలునని అన్నాడు. అంటూ కాగితం తీసి మడతలు విప్పాడు.

ఇందులో ఏముందని అడిగాడు స్వామి. మిషను పెట్టేదానికి ఒప్పుకున్నట్టు, అన్నాడు బొమ్మప్ప. చదివినావా అంటే మాత్రం కింద ఉన్న గీత మీద వేలు పెట్టి సంతకం ఇక్కడ చేయాలన్నాడు. ఇట్లాంటివి ఇంతకుముందు ఏడు చేశానన్నాడు. వార్డులో మొగోళ్లంతా బొటనవేలికి సిరా పూసుకుంటుంటే తను పెన్ను అడుగుతాడు. మూడు తరాల్లో వాళ్లింట వేలిముద్ర వేయనివాడు తనొక్కడే.

అది స్వామి చలవే మరి. ఆ మఠానికి ఒక పద్ధతి ఉంది. దీక్ష తీసుకునేవాడు మఠం పుస్తకంలో వేలిముద్ర వేయకూడదు, తన పేరు తను రాయాలి. ఇరవై రెండేళ్ల కిందట బొమ్మప్ప ఈ వరండాలోనే నెలరోజులు కూర్చుని మూడక్షరాలు దిద్దాడు. పేరు వచ్చింది, దీక్ష అయింది. మిగతా అక్షరాలు కూడా నేర్పుతా రమ్మని స్వామి రెండుసార్లు కబురు పెడితే చేలో పని ఉందన్నాడు. ఆ తరవాత స్వామి పిలవలేదు.

ఇప్పుడు స్వామి పీట మీద బూడిదను అరచేత్తో చదును చేసి, పీటను బొమ్మప్ప ముందుకు జరిపాడు.

"రాయి."

"ఏం రాయాల స్వామీ?"

"గొట్టం ఎవరికి వేస్తారో ఆ మనిషి పేరు."

బొమ్మప్ప వేలు ఎత్తాడు. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంది.

ఆ పేరు పెట్టింది అతనే. తన తల్లి పేరు, భ్రమరాంబ. అంత పెద్ద పేరు పసిగుడ్డుకేమిటి, రెండక్షరాలది ఏదైనా చూడండని రుద్రమ్మ పుట్టింటివాళ్లు అన్నారు. బిడ్డ నాది, పేరు నాదన్నాడు. తొట్టెలో వేసిన రోజున అత్తగారి చేత ఆ పేరు మూడుసార్లు పలికించాడు. మూడుసార్లూ ఆమెకు నోరు తిరగకపోతే లోపల సంతోషపడ్డాడు.

స్వామి తొందరపెట్టలేదు.

చివరికి బొమ్మప్ప వేలు బూడిదలో దిగింది. మొదట బొ రాసింది. మధ్యలో మ వినబడుతుందని చెవికి తెలుసు, చేతికి వచ్చిన మ్మ పెట్టాడు. అక్కడ ఏవో ఒకటి రెండు తగ్గాయని తోచి చుక్కలు పెట్టాడు. చివర వినబడే బ కోసం మళ్లీ బొ పెట్టాడు. చెమట ముక్కు మీంచి పీట మీద పడింది.

స్వామి వంగి చూశాడు.

"అన్నీ నీ అక్షరాలే గదరా బొమ్మప్పా."

ఇంకేమన్నా అంటాడని బొమ్మప్ప చూశాడు. స్వామి పీట మీది బూడిదను గుడ్డలోకి ఎత్తుకున్నాడు. పది గంటల బస్సు ఉంది పో, అన్నాడు. అంతే.

బస్సులో బొమ్మప్పకు కడుపు మండిపోయింది. ఇరవై రెండేళ్లు కాళ్లకు మొక్కితే దక్కిన మర్యాద ఇదా అనుకున్నాడు. గిట్టనివాళ్ల లెక్కలో బామ్మర్ది పక్కన స్వామిని కూడా చేర్చుకున్నాడు. ఈ కోపం దాదాపు సగం దారి వచ్చింది. ఆ తరవాత తొడ మీద వేలితో ఏదో గీయడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు గీసినా తన పేరే వచ్చింది. పక్కన కూర్చున్నావిడ పక్షవాతం మనిషేమో అనుకుని కాస్త జరిగింది.

వార్డులో పిల్ల మూతికి ఆక్సిజన్ పెట్టారు. పడుకుని ఉంది, నోరు తెరుచుకుని. రెండు చేతులూ మణికట్టు నుంచి మోచేతి దాకా కమిలి నల్లబడ్డాయి. ముట్టుకోను చోటు లేక రుద్రమ్మ పాదం పట్టుకుని కూర్చుంది. శేఖరప్ప బావను చూసి స్టూలు మీంచి లేచి గోడకు ఆనుకున్నాడు.

బొమ్మప్ప నేరుగా నర్సు దగ్గరికి పోయి కాగితం చాచి, చదివి వినిపించమన్నాడు.

"సంతకం బాగానే పెడతావు గదన్నా, చదువుకోలేవా?"

శేఖరప్ప వినబడేంత దూరంలోనే ఉన్నాడు. బొమ్మప్ప గొంతు తగ్గించలేదు.

"నాకు చదువు రాదు తల్లీ. పేరొకటే వచ్చు."

నర్సు చదివింది. గొంతులోకి గొట్టం పోతుంది. అది ఉన్నన్నాళ్లు మాట రాదు. లాగేసుకోకుండా చేతులు మంచానికి కట్టవలసి రావచ్చు. తల్లిదండ్రులను చెప్పిన వేళకే లోపలికి పంపుతారు. ఆఖరున, రోగి పేరు, భ్రమరాంబ.

"యాడుంది? చూపించు."

నర్సు గోటితో చూపించింది. బొమ్మప్ప ఆ పేరును చాలాసేపు చూశాడు. అందులో తను రాసే అక్షరం ఉన్నది ఉన్నట్టు ఒక్కటి కూడా కనబడలేదు. కాగితం తిరిగి ఆమె చేతికే ఇచ్చి, ఇంటికి పోతామన్నాడు.

దానికి వేరే కాగితం ఉంది. దాన్నీ చదివించుకున్నాడు. సిరా డబ్బీ మొదట రుద్రమ్మ ముందుకు జరిపాడు. ఆమె వేలు వేసింది. నర్సు పెన్ను ఇవ్వబోతే అతను తీసుకోలేదు, తనూ బొటనవేలు అద్దాడు.

అయిపోయిందనుకుని నర్సు ఫైలు మూయబోయింది. బొమ్మప్ప దాని మీద చెయ్యి పెట్టాడు.

"పాతవి ఏడుంటాయి. అవి గూడా చదువు తల్లీ."

"అవన్నీ అయిపోయినవి గదన్నా," అంది నర్సు.

రుద్రమ్మ బిడ్డ పాదం మీంచి చెయ్యి తీయలేదు. మొగుడి వైపు చూడనూలేదు.

"ఆ యమ్మను ఎందుకు సతాయిస్తావు," అంది. "అవి నాకు తెలుసు. దోవలో నేను చెప్తా పద."