అట్టముక్క మీద నూనె

మెకానిక్ దానియేలు వేసిన ఆయిల్ సీలు కారగా చూసినవాళ్లు నెల్లూరులో లేరు. ఆ మాట ఊరంతా చెప్పుకు తిరిగింది కూడా దానియేలే. అలాంటివాడి పరువు ఒక పాత డీజిల్ కారు నిలువునా తీసేసింది.

వచ్చినప్పుడు ఆ బండికి కారేది నాలుగు చుక్కలే. ఇంజను పైమూత గాస్కెట్ మార్చాడు. నూనె కింది నుంచి కారింది. ఇంజను అడుగున నూనె నిలిచే సంపు విప్పి అక్కడా కొత్త గాస్కెట్ వేస్తే, గేరుబాక్సు వైపు నుంచి ధార కట్టింది. గేరుబాక్సు దించి ఆ సీలూ మార్చాడు. పొద్దున వచ్చి చూస్తే బండి కింద అట్టముక్క నల్లగా నానిపోయి ఉంది.

అట్ట పరవడం వాడి గురువు జిలానీ ఉస్తాద్ షెడ్డులో ఆనవాయితీ. తెల్లారేసరికి అది పొడిగా ఉంటేనే బండి గేటు దాటుతుంది. సొంత షెడ్డు పెట్టుకోబోయే శిష్యుడి ఆఖరి బండికి కూడా అదే పరీక్ష. నెగ్గితే ఉస్తాద్ తన చేతి పానా ఇచ్చి పంపుతాడు. దానియేలు బైపాస్ రోడ్డులో షెడ్డు మాట్లాడుకున్నాడు. ఇదే వాడి ఆఖరి బండి.

సీళ్లు నకిలీవన్నాడు. ఓనరు ఓబుల్రెడ్డి బండిని రాచి రంపాన పెట్టాడన్నాడు. చివరికి అసలు ఇంజనే అయిపోయిందన్నాడు. ఉస్తాద్ టీ తాగుతూ అన్నీ విన్నాడు.

"ఇంకెవరన్నా మిగిలారా?" అనడిగాడు.

దానియేలుకు ఒళ్లు మండింది.

ఇంజను స్టార్ట్ చేసి, నూనె పోసే మూత తీసి, ఆ కన్నం మీద అరచెయ్యి పెట్టమన్నాడు ఉస్తాద్. పెట్టగానే లోపలి గాలి చేతిని పైకి తోసింది. గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లోంచి పొగ తన్నుకొచ్చింది.

దానియేలు ముఖం మారిపోయింది. ఇంజను ఆపి, ఆ పొగను బయటికి వదిలే గొట్టం లాగాడు. లోపల గళ్ల గుడ్డ కుక్కి ఉంది. వాడి పాత చొక్కా ముక్కే. మొదటిరోజు ఇంజను కడిగేటప్పుడు నీళ్లు పోకుండా తనే కుక్కి, తీయడం మరిచి గొట్టం బిగించేశాడు. పోయే దారి లేక లోపలి పొగ ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి నూనెను తోస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

సాయంత్రం ఓబుల్రెడ్డి వచ్చాడు. ఉస్తాద్ నోరు విప్పకముందే దానియేలు ఆ గుడ్డ ఆయన ముందు పెట్టి, తప్పు తనదేనని చెప్పాడు.

మర్నాడు అట్ట పొడిగా ఉంది. అయినా పానా మీద వాడికి ఆశ లేదు. ఉస్తాద్ పిలిచి చేతిలో చిన్న మూట పెట్టాడు. ఉతికి ఆరేసిన ఆ గళ్ల గుడ్డలోనే పానా చుట్టి ఉంది.

దానియేలు ఆ గుడ్డను మళ్లీ పానాకు చుట్టాడు.

"అట్ట చూడగానే మీకు తెలిసిపోయింది గదా ఉస్తాద్. అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే గుడ్డ ఒక్కటే దొరికేది" అన్నాడు ఉస్తాద్.