ఎండ తగలని చేతులు

ఆదోనిలో హకీం షరఫుద్దీన్ సాహెబు శిష్యుల్లో మందు నూరడంలో నూరుల్లాను మించినవాడు లేడు. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే గంగులమ్మ బొల్లి తగ్గకపోవడం తలవంపుగా ఉంది.

గంగులమ్మ మంత్రసాని. ముంజేతుల మీద తెల్లమచ్చలు లేచినప్పటినుంచి ఆమెను కాన్పులకు పిలవడం మానేశారు. అది అంటుకునేది కాదని హకీం ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఆయన యాత్రకు వెళ్తూ ఆమెను నూరుల్లాకు అప్పగించాడు. చేతులకు గుడ్డ చుట్టుకుని, పైన కొంగు కప్పుకుని గోడవారగా వచ్చేది. నూరుల్లా బావంచి గింజల ముద్ద పూసేవాడు. మళ్లీ గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయేది.

హకీం తిరిగొచ్చాడు. మచ్చలు అలాగే ఉన్నాయి.

“ఉస్తాద్, గింజల పాళ్లు పెంచమంటారా?”

హకీం లోపలికెళ్లి, నెల నిండని మనవరాలిని పొత్తిగుడ్డలో ఎత్తుకొచ్చాడు.

“గంగులమ్మా, పిల్లకు పొద్దుటెండ చూపించాలి. మా కోడలికి ఒంట్లో బాగోలేదు. కాస్త పట్టుకో తల్లీ.”

ఆమె వెనక్కి జరిగింది. “ఈ చేతులతోనా సాయిబూ? చూసినోళ్లు ఏమంటారు?”

“అంటే నన్నే అంటారు. ఆ గుడ్డలు తీసెయ్. పిల్లకు గరుకు తగులుతుంది.”

ఆమె గుడ్డలు విప్పి, వీధరుగు మీద కూర్చుంది. చంటిపిల్ల ఆమె వేలు గట్టిగా పట్టుకుంది. పోయేవాళ్లు ఆగి చూశారు. హకీం పక్కనే కూర్చుని, మనవరాలి ముక్కు ఎవరి పోలికో అందరికీ చెప్పాడు. ఎండ చురుక్కుమనే వేళకు ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

రోజూ మందు పూయించుకున్నాక ఇలాగే పిల్లతో ఎండలో కూర్చునేది. మందు అదే, పాళ్లూ అవే. ఎండ కూడా మందేనని ఆ చుట్టుపక్కల అప్పటికి ఏ వైద్యుడూ అనలేదు.

మామిళ్లు పండేనాటికి తెల్లమచ్చల్లో, వెంట్రుకల మొదళ్ల దగ్గర, గసగసాలంత నల్లచుక్కలు పుట్టుకొచ్చాయి. నూరుల్లా ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. గుడ్డ కింద అన్నాళ్లూ నిద్రపోయిన మందు ఎండ తగిలాకే లేచింది!

అంతలో సందు చివరి ఇంటాయన పరుగున వచ్చాడు. “గంగులమ్మక్కా, మా కోడలికి నొప్పులు మొదలైనాయి. తొందరగా రా!”

ఆమె కళ్లు తుడుచుకుని, ఉన్నపళంగా అతని వెంట నడిచింది.

“మచ్చలింకా ఉన్నాయి కదా ఉస్తాద్, కాన్పుకు ఎలా పిలిచారు?” అన్నాడు నూరుల్లా.

హకీం మనవరాలిని భుజాన వేసుకున్నాడు.

“ఊరికి కూడా కాస్త ఎండ తగిలింది బేటా.”