ఇన్నాసీ, తిన్నావా?

మీరు పుట్టలేదు, మీ తాతలూ పుట్టలేదు, అప్పటి మాట. పలనాటి వైపు ఒక ఊరు. ఆ ఊరికో చర్చి, ఆ చర్చికో గంట, ఆ గంట కొట్టడానికి ఇన్నాసి. ఒంటిగాడు. పగలు మిరపచేలో కూలి, పొద్దుగూకితే గంట.

విభూది బుధవారానికి ముందురోజు అక్కడ కూర పండగ. మర్నాటి నుంచి నలభై రోజులు ఉపవాసకాలం, మాంసం ముట్టరు. అందుకని ఆ రోజు పొట్టేళ్లు కోసి ఇంటింటికీ పోగులు పంచేవాళ్లు. పొద్దుగూకి ఇన్నాసి గంట కొట్టాడంటే ఇక అంతే. పొయ్యి మీదున్న కూరైనా పారబొయ్యాల్సిందే.

పై వీధి మధ్యాహ్నానికే తినేది. నడి వీధి పొద్దు వాలేలోపు తినేది. కింది వీధి వాళ్లు మిరపకాయలు కోసి, మండే చేతులతో పొద్దుగూకేవేళకి ఇల్లు చేరేవాళ్లు. పొయ్యి అప్పుడు రాజెయ్యాలి.

ఒక ఏడు ఇన్నాసి గంట కొట్టి కింది వీధిలోంచి వెళ్తున్నాడు. చివరింటి ఇల్లాలు ఆరోగ్యం ఉడికీ ఉడకని కూర పెంటకుప్ప మీద పోస్తోంది. పిల్లలు ఏడవలేదు, చూస్తూ నిలబడ్డారు. ఏడాది మొత్తంలో వాళ్ల నోటికి అందే మాంసం అదొక్కటే. ఇన్నాసి తన చేతివంక చూసుకున్నాడు. గంట కొట్టింది తన చెయ్యే కదా.

మరుసటి ఏడు తాడు పట్టుకుని కేకేశాడు.

"పై వీధీ, తిన్నారా?"

"తిన్నాం."

"నడి వీధీ, తిన్నారా?"

"తిన్నాం."

"కింది వీధీ, తిన్నారా?"

"ఇంకా లేదు బాబాయ్, ఉడుకుతోంది," అంది ఆరోగ్యం.

ఇన్నాసి తాడు వదిలేశాడు. చర్చిలో పూజ చేసే స్వాములవారు బయటికొచ్చారు.

"పొద్దుగూకింది, గంటేదిరా?"

"ఒక ఇల్లు తినలేదు స్వామీ."

"వేళ దేవుడిది. నీదా?"

"దేవుడిదే స్వామీ. తాడు నా చేతిలో ఉంది. తప్పు నా నెత్తినెయ్యండి."

వేశారు. నలభై రోజులూ చర్చి వాకిలి ఊడ్చమన్నారు. ఊడ్చాడు. పై ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. గంట ఆగేది, శిక్ష పడేది, ఇన్నాసి ఊడ్చేవాడు. చివరికి స్వాములే విసిగి ఊరుకున్నారు.

ఇన్నాసి ముసలివాడయ్యాడు. ఒక ఏడు గంట మోగాక ఆరోగ్యం గిన్నెలో కూర తెచ్చింది.

"ఇంద బాబాయ్, తిను."

"గంట కొట్టేశాగా తల్లీ."

"మరి నువ్వెప్పుడు తిన్నావు?"

ఇన్నాసి నవ్వాడు. "పగలు చేలో ఉంటాను, పొద్దుగూకితే తాడు దగ్గరుంటాను. ఎప్పుడు వండుకుంటాను?"

"ఇన్నేళ్లూ తినలేదా?"

"నన్నెవరూ అడగలేదుగా."

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఆరోగ్యానికి మాత్రం చేతిలో గిన్నె మోయలేనంత బరువైంది. ఈస్టరు రాకముందే ఇన్నాసి పోయాడు.

మరుసటి ఏడు తాడు కొత్తవాడి చేతికొచ్చింది. మూడు వీధులూ తిన్నాం అన్నాయి. వాడు లాగబోతుంటే ఆరోగ్యం గిన్నె పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది.

"గంట కొట్టేవాడు తిన్నాడా?" అంది.

స్వాములవారే వచ్చి వాడి చేతిలోని తాడు తీసుకున్నారు.

"తిను నాయనా," అన్నారు. "వేళకేం, ఆగుతుంది."

ఇప్పటికీ ఆ ఊళ్లో కూర పండగనాడు కింది వీధి కుండలో తొలి గరిటె గంట కొట్టేవాడిదే. ఊరంతా "ఇన్నాసీ, తిన్నావా?" అని కేకేస్తుంది. వాడి పేరేదైనా ఆ పూటకి ఇన్నాసే. వాడు "తిన్నా" అన్నాకే గంట.

మామూలు రోజుల్లోనూ అంతే. ఇంట్లో ఒకరు తినకుండా ఉండగా ఎవరన్నా కుండ కడగబోతే పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటారు.

"ఆగవే. ఇన్నాసి ఇంకా గంట కొట్టలేదు."