వానకు వేసిన పీట

అనగనగా అంటాను, మీరు ఊఁ కొట్టండి. ఒక కొండ మీద సుక్రు అనే కుర్రాడు ఉండేవాడు. వాడి ఆస్తి ఎంతయ్యా అంటే, మూడు కుంచాల చోళ్లు, అదే రాగులు, ఒక పలుగు, ఒక అమ్మ.

ఆ కొండ మీద వానలకు లోటు లేదు. అయినా వేసవి వస్తే కొండ కింది ఊట ఎండిపోయేది. ఊరివాళ్లు ఏటేటా దాన్ని ఇంకా లోతుగా తవ్వేవారు. అది ఇంకా లోతుగా ఎండేది.

ఊరిపెద్ద గాసన్న ఒకనాడు అందరినీ పిలిచాడు. "వచ్చే వేసవికి కూడా ఊట ఎండిందా, ఇక మూటలు కట్టుకుని మైదానానికి దిగిపోదాం," అన్నాడు.

సుక్రు తల్లి కొడుకు వైపు తిరిగింది. "ఈ కొండ తప్ప నాకేం తెలుసురా?" అంది.

"ఇన్ని వానలు ఎటు పోతున్నాయో కనుక్కుంటానమ్మా," అన్నాడు సుక్రు.

మొదటి వాన పడింది. బోడి వాలు మీద ఎర్రగా పరుగెత్తింది. సుక్రు వెంటపడ్డాడు.

"వానా వానా, ఎందుకంత తొందర?"

"మీ ఇంటికి చుట్టం వస్తే ఏం చేస్తారు?"

"పీట వేసి కూర్చోమంటాం."

"మరి నాకు ఎవరు వేశారు?" అంటూ వాన దోసెడు మట్టి కూడా పట్టుకుని లోయలోకి దూకింది.

సుక్రు ఒక కుంచం చోళ్లతో అంబలి కాచాడు. తోటివాళ్లను పిలిచి లోయ మొదట్లో పెద్ద రాతిగోడ కట్టాడు. రెండో వాన ఒక్క ఊపున దాన్ని దొర్లించేసింది.

"నీ గోడ వానతో పాటు సంతకెళ్లిందిరా!" అని ఊరంతా నవ్వింది.

"పీట వేశానుగా!" అని సుక్రు వానను నిలదీశాడు.

"అది పీటా? వెళ్లేదాన్ని గుమ్మంలో అడ్డగించావు. పరుగందుకున్నాక నేను ఆగలేను. పైన, కాలు పెట్టిన చోటే కూర్చోమనాలి."

సుక్రు రెండో కుంచం అంబలి కాచాడు. ఈసారి కొండ నెత్తి నుంచి మొదలుపెట్టి, వాలుకు అడ్డంగా చిన్న చిన్న కందకాలు తవ్వించాడు. గట్ల మీద గడ్డి నాటాడు. మూడో కుంచం వాటి నడుమ విత్తాడు.

మూడో వాన వచ్చింది. కందకంలో కూర్చుంది. కాసేపు అలసట తీర్చుకుని మెల్లగా మట్టిలోకి దిగిపోయింది.

తెల్లారి గాసన్న ఊటలోకి తొంగిచూశాడు. "వేలెడు కూడా పెరగలేదు. ఒరే సుక్రూ, నీ వాన చుట్టం తిని పడుకుందా ఏమిటి?"

సుక్రుకు భయం వేసింది. నేలకు చెవి ఆనించి, "ఎక్కడున్నావు?" అన్నాడు.

"కొండ కడుపులో నడుస్తున్నా. అన్నీ ఇరుకు సందులే. ఎండలకు చేరతాలే."

చోళ్లు పండాయి. చలి పోయింది. ఎండలు ముదిరాయి. ఊట అడుగంటడం చూసి ఊరివాళ్లు మూటలు కట్టారు. సుక్రు తల్లి ఆఖరుసారి చూసి వద్దామని కడవ తీసుకుని ఊటకు వెళ్లింది. వంగి ముంచింది. కడవ బుడుంగున మునిగింది!

ఆమె కేక విని గాసన్న పరుగెత్తుకొచ్చాడు. చన్నీళ్లు దోసిట పట్టి తాగాడు. ఇంటికెళ్లి తన మూట తనే విప్పాడు.

"ఒరే సుక్రూ, అవతలి వాలు ఇంకా బోడిగానే ఉంది కదూ?"

"ఉంది పెద్దయ్యా. వానలొచ్చేలోగా అయిపోవాలి."

సుక్రు కొత్త చోళ్లలో అంబలికి కొన్ని కుంచాలు కొలిచి అమ్మకిచ్చాడు. పలుగు భుజాన వేసుకుని అవతలి వాలు నెత్తికి దారి పట్టాడు.

వచ్చినదాన్ని నిలుపుకోవాలంటే, పోయేటప్పుడు అడ్డుపడితే చాలదు, వచ్చేటప్పుడే చోటివ్వాలి.