రెండో కాలు

పట్టేసిన కండను మందూ మాకూ లేకుండా వదిలించే విద్యలో అన్నిటికన్నా కష్టమైనది ఏది అని గౌరీశు అడిగాడు. గురువు బంగారునాయుడు గారు జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. అడిగింది మనసులో పెట్టుకుంటారు, చెప్పే రోజు వచ్చేదాకా నోరు విప్పరు.

విజయనగరం వైపు ఆయన నడిపే గరిడీలో కుస్తీతో పాటు మర్దనా నేర్పేవారు. వేడినీళ్లలో పిండిన గుడ్డ, వేయించిన ఉప్పు మూటతో కాపడం, గోరువెచ్చని నువ్వులనూనె, ఆ తర్వాత నెమ్మదిగా సాగదీయడం. ఇంట్లో ఉన్నవాటితోనే పని జరిగిపోయేది. రెండేళ్లలో గౌరీశుకు ఇదంతా వచ్చేసింది. ఒక్కదానికి మాత్రం వాడికి విసుగు. ఎవరి కాలు పట్టాల్సి వచ్చినా, గురువు గారు నూనె ముట్టుకోకముందే తన చేతి వెనుక వైపును బాగున్న కాలికి ఒకసారి, నొప్పి కాలికి ఒకసారి ఆనించి కళ్లు మూసుకునేవారు. అవతలి మనిషి కుయ్యో మొర్రో అంటున్నా కదిలేవారు కాదు. శిష్యులంతా అది ఆంజనేయస్వామికి దండం అనుకున్నారు. దండం అనుకున్నాక ఎవరైనా ఎందుకని అడుగుతారా? వాళ్లూ చెయ్యి ఇలా తాకించి అలా తీసేసి పనిలోకి దిగేవారు. ఇందులో తప్పు గురువు గారిది కూడా ఉందనే నేనంటాను.

ఒక ఉదయం లారీ డ్రైవరు అప్పన్న కుంటుకుంటూ వచ్చి మంచం మీద వాలాడు. రాయపూర్ నుంచి రెండు రోజులు సీటు దిగకుండా తోలాడట. ఎడమ పిక్క బిగుసుకుపోయింది. సాయంత్రం మళ్లీ బండెక్కాలి. గురువు గారు లోపలెక్కడో ఉన్నారు. గురువు గారు పక్కన లేకుండా తన చేతికి చిక్కిన మొదటి మనిషి కదా, గౌరీశు ఆ తొందరలో దండం కూడా మానేసి బొటనవేళ్లు దించాడు.

"గట్టిగా నొక్కు బావూ, ఒగ్గీకు," అన్నాడు అప్పన్న పళ్లు బిగించి.

గుమ్మంలోకి వచ్చిన గురువు గారు ఆ కాలు చూశారు. మరుక్షణం నూనె గిన్నె గోడకు ఎగిరిపడింది. గౌరీశు చెంప ఛెళ్లుమంది.

"సెయ్యి తియ్యిరా! సంపేస్తావేటి ఆణ్ణి?"

గరిడీలో అందరూ కొయ్యబారిపోయారు. శిష్యుణ్ణి "ఒరే" అని కూడా గట్టిగా పిలవని మనిషి ఆయన. గురువు గారు గౌరీశు చెయ్యి లాక్కుని, దాని వెనుక వైపును అప్పన్న రెండు కాళ్లకూ ఆనించారు. కుడికాలు చల్లగా ఉంది. ఎడమకాలు కాలిపోతోంది. ఆ పిక్క కుడిదానికన్నా బాగా లావుగా, చర్మం నిగనిగలాడుతూ ఉంది. ఇంతసేపూ కళ్లెదుటే ఉన్న ఆ వాపును గౌరీశు చూడనే లేదు.

"అప్పన్నా, ఒక్క అడుగు కూడా ఎయ్యకు," అన్నారాయన. మంచంతో సహా ఎత్తి వ్యానులో ఆస్పత్రికి తీసుకెళ్లారు.

కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందన్నాడు డాక్టరు. ఎవరైనా నలిపారా అని అడిగాడు. గౌరీశు చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఇంకాస్త నలిపి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో పడి ఉండేదేమో, అప్పుడు తన చేతుల్లో కూడా ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. అప్పన్న బతికాడు.

ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాక కూడా గౌరీశు చెంప మండుతూనే ఉంది. వాడికి మాత్రం తన బొటనవేళ్లనే చూడబుద్ధి కాలేదు.

"గురువుగోరూ, అది దండం కాదేటి?"

"కాదు. నువ్వడిగినావే, అన్నిటికన్నా కష్టమైనదేటని, అదే ఇది."

"మరి ఇన్నాళ్లూ మాకెందుకు సెప్పనేదు?"

బంగారునాయుడు గారు తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

"సెప్పాలంటే మా అన్న కాడి నుంచి సెప్పాల," అన్నారు. "అప్పటికే నాను బాగా సెయ్యి తిరిగినోణ్ణి. ఆడి పిక్క గంటసేపు పిసికినాను. రెండో కాలు ముట్టుకోనేదు. తెల్లారేసరికి ఆడు పోనాడు."